చెవి వెనక బొట్టు

ఆ రోజుల్లో ఉద్యోగం పేరు నోరు తిరగకుండా ఉంటేనే అది గొప్ప ఉద్యోగమని నా నమ్మకం. అందుకే డిగ్రీ అయిపోయిన ఏడాది జడ్చర్ల దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్లు 'ప్రాసెస్ టెక్నీషియన్' అని రాసిన కాగితం చేతికిస్తే, దాన్ని మడత పెట్టడానికి మనసు రాక, బస్సులో ఒళ్లో పరుచుకుని ఊరిదాకా తెచ్చాను. (పక్క సీటాయన అది పెళ్లి పత్రిక అనుకుని 'పిల్లది ఏ ఊరు?' అని అడిగాడు.) ప్రత్యేక రాష్ట్రం వచ్చి రెండో ఏడో మూడో ఏడో నడుస్తున్న కాలమది. మా ఊళ్లో నా ఉద్యోగం పేరు ఎవరి నోటికీ పట్టలేదు. 'గోలీల కంపెనీల చేస్తడు' అన్నారు, అంతే. నిజానికి నేను చేసేది పొడిని మిషన్‌లో పోయించి, అది మాత్రగా బయటికి వస్తుంటే బరువెంత, మందమెంత, గట్టిగా ఉందా లేదా అని చూసి రాసుకోవడం. కానీ ఊరివాళ్ల లెక్కలో నేను సగం డాక్టర్ని. సెలవు రోజున ఇంటికి వెళితే చాలు, ఎవరో ఒకరు నడుం పట్టుకుని మా అరుగు మీద కూర్చుని ఉండేవారు. మా అవ్వ అయితే 'దినాం గన్ని గోలీలు చేస్తవు, నా మోకాళ్లకు రెండు తేలేవారా?' అని నిష్ఠూరమాడేది. 'అవి బీపీ గోలీలే అవ్వా' అంటే 'ఏదైతేంది? గోలీ గోలీయే గద' అని కొట్టిపారేసేది.

మా పనిలో అసలు కష్టం మిషన్ నడపడం కాదు, మిషన్ దాకా చేరుకోవడం. ముందు బట్టలు మార్చుకునే గది ఒకటి ఉంటుంది. అక్కడ గడియారం, ఉంగరం, మెడలో గొలుసు, ముంజేతికి కట్టిన దారం అన్నీ తీసేయాలి. ముఖం కడుక్కోవాలి, నుదుటి మీద బొట్టు ఉంటే పోయేదాకా రుద్దుకోవాలి. గోళ్లు చూపించాలి. ఆ తర్వాత నెత్తి నుంచి పాదాల దాకా ఒకటే తెల్లటి తొడుగు, తలకు టోపీ ముసుగు, మూతికి మాస్కు, చేతులకు గ్లవ్స్. చివరికి మనిషిలో మిగిలేవి రెండు కళ్లు. లోపల ఒకరినొకరం నడకను బట్టి, దగ్గును బట్టి గుర్తుపట్టేవాళ్లం. మొలతాడు సంగతి మాత్రం రూల్సు పుస్తకంలో లేదు. మొదటి రోజే నేను 'మొలతాడు గూడ తియ్యాల్నా సార్?' అని అందరి ముందూ అడిగాను. ట్రైనింగ్ ఇస్తున్నాయన పుస్తకం ఒకసారి తిరగేసి, 'లోపలిది లోపలనే ఉండనియ్యి, బయటికి చెప్పకు' అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో నేను ఫ్యాక్టరీ మొత్తానికి తెలిసిపోయాను.

అక్కడ నా జాతకం ఇద్దరి చేతుల్లో ఉండేది. ఒకరు మా సీనియర్ ఆపరేటరు, చెవి కాక. మిషన్‌కు ఏ జబ్బు చేసినా ఆయన దాని తలుపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. ఇంజినీర్లు కంప్యూటర్ ముందు కూర్చుని గంటసేపు వెతికి చివరికి ఆయన చెప్పిన చోటికే వచ్చేవారు. కొత్తగా చేరిన మాలాంటివాళ్లకు ఆయన మొదటి పాఠం ఒకటే: 'మిషన్ అంటే ఇనుము. దేవుడు గాదు, దయ్యం గాదు. దండం పెడ్తే నడువది, చూసుకుంటే నడుస్తది.' రెండో ఆమె క్వాలిటీ విభాగానికి పెద్ద. ఆవిడ పేరు చెప్పను గానీ మేమంతా చాటుగా 'ఎందుకు మేడం' అనేవాళ్లం. ఏ తప్పు జరిగినా, దాని మూలం దొరికేదాకా వరుసగా ఐదుసార్లు 'ఎందుకు' అని అడగాలన్నది ఆవిడ పద్ధతి. దానికోసం ఐదు గళ్ల ఫారం కూడా ఉండేది. ఒకసారి చీపురు వేరే చోట పెట్టారని మొదలుపెట్టి, ఐదో ఎందుకు దగ్గర ఒక మేనేజర్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడని చెప్పుకునేవారు. (నేను చూడలేదు. కానీ నమ్మాను.)

నేను చేరిన కొన్ని నెలలకు కొత్త మిషన్ ఒకటి దిగింది. కొత్త మిషన్‌లో మందు పోసి నడపడానికి ముందు, మందు కలపని వట్టి పొడితో మూడు విడతలు తప్పు లేకుండా నడిపి చూపాలి. ఆ గోలీలు ఎవరూ మింగరు, పరీక్షలయ్యాక పారేస్తారు. మూడు విడతలూ పాసైతే మిషన్ పర్మనెంటు. దానితో పాటే నేనూ పర్మనెంటు అని మా మేనేజర్ మాట ఇచ్చాడు. ఆ మాట నేను బాపుకు చెప్పాను, బాపు ఊరికి చెప్పాడు. దసరా పోగానే కొడుకు నౌకరీ పక్కా అవుతుందని ఆయన హోటల్లో చాయ్ తాగుతూ ఒకరోజు, ట్రాక్టర్ మీద నుంచి అరుస్తూ ఒకరోజు, అలా రోజుకొకరికి చెప్పుకున్నాడు. మిషన్‌కు మాత్రం ఈ సంగతి తెలియదు. గోలీ బయటికి రావడం, దాని పైభాగం టోపీలా ఊడిపోవడం. నొక్కుడు పెంచితే ఊడుతుంది, తగ్గిస్తే ఊడుతుంది. మిషన్ అమ్మినవాళ్ల ఇంజినీర్ వచ్చి, మా పుస్తకంలో రాసిన స్పీడు ఇదే, ఇదే స్పీడులో నడవాలి అని కూర్చున్నాడు. చెవి కాక మాత్రం 'జర మెల్లగ నడుపుండ్రి, గాలి వోయే సందు లేదు దానికి' అని గొణిగేవాడు. పుస్తకం ముందు చెవి మాట ఎవరు వింటారు?

ఇలా ఉండగా దసరా వచ్చింది. ఆ ఒక్కరోజు సెలవిస్తే ఊరికి వెళ్లాను. మా బాపు అప్పటికే ట్రాక్టర్‌ను కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి సిద్ధంగా ఉన్నాడు. మా అవ్వ ఇంకా ఒక మెట్టు పైన. నాగలి, గడ్డపార, కొడవలి అయ్యాక మిక్సీకి, గ్యాస్ పొయ్యికి, చివరికి నా సెల్‌ఫోన్ చార్జర్‌కు కూడా ఒక బొట్టు పెట్టింది. నేను దిగులుగా కూర్చుని ఉంటే బాపు సంగతి అడిగాడు. చెప్పాను.

'గంత కొత్త మిషన్‌కు బొట్టు పెట్టిండ్రా లేదా?' అన్నాడు బాపు.

'లోపలికి బొట్టు రానియ్యరు బాపు. మన మొకానికి ఉన్నదే కడిగేస్తరు.'

'ఓరి పిచ్చోడా! ఇంట్ల చార్జరుకు బొట్టున్నది. నీకు అన్నం పెట్టే మిషన్‌కు లేదు. అది నడువమంటే ఎట్ల నడుస్తది?'

నేను సైన్సు చదివినవాణ్ణి. పొడిలో చిక్కుకున్న గాలి గురించి బాపుకు విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, 'సరే, గాలికి గూడ ఒక బొట్టు పెట్టు' అన్నాడు. నవ్వి ఊరుకోవాల్సింది. కానీ రాత్రి పడుకున్నాక, టోపీ ఊడిన గోలీలు కళ్ల ముందు ఎగురుతుంటే, పెడితే పోయేదేముంది అనిపించింది. మనిషికి చదువు ఎంతవరకు పనిచేస్తుందంటే, పని జరుగుతున్నంతవరకు. తెల్లారి లేచి అవ్వను అడిగాను, కుంకుమను లోపలికి తీసుకుపోవడం ఎలాగ అని. మేజోడులో పెడితే దొరుకుతుంది, గోరులో పెడితే గోళ్లు చూస్తారు. అవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

'చిన్నప్పుడు నీకు దిష్టి తగలకుంట చెవి ఎనక కాటుక చుక్క పెట్టేదాన్ని. ఎవ్వలకన్న కనవడ్డదా? ఇటు తిరుగు' అంది.

కుంకుమ రాలిపోకుండా కొబ్బరినూనెలో కలిపి, తన బొటనవేలితో నా కుడిచెవి వెనక గట్టిగా అద్దింది. 'మంచిగ నడువాలె' అని చెవిలో చెప్పింది. నాకు చెప్పిందో మిషన్‌కు చెప్పిందో తెలియదు.

గేటు దాటాను, గోళ్లు చూపించాను, ముఖం కడుక్కున్నాను, చెవుల జోలికి ఎవరూ రాలేదు. మిషన్ కింది భాగంలో మోటారు ఉండే అర ఒకటి ఉంటుంది. పొడికీ దానికీ సంబంధం లేదు, మధ్యలో ఇనుప గోడ. ఉదయాన్నే దాని తలుపు తెరిచి నూనె చూసి రాయడం నా పనే. వంగి, ముసుగులోకి వేలు పోనిచ్చి, చెవి వెనక తడిమి, ఆ వేలిని అర లోపలి గోడకు అద్దాను. మనసులోనే ఒక దండం పెట్టాను. ఆ తర్వాత రూలు ప్రకారం గ్లవ్స్ మార్చుకున్నాను. (ఇంత నియమంగా దొంగపని చేసినవాడు ఆ ఫ్యాక్టరీలో ఇంకొకడు ఉండడు.)

మిషన్ నడిచింది. మామూలుగా కాదు, కొత్త బట్టలు వేసుకున్న పెళ్లికొడుకులా నడిచింది. మధ్యాహ్నం దాకా ఒక్క గోలీ టోపీ ఊడలేదు. నేను బరువులు చూసి రాస్తూ, లోపల లోపల బాపుకు, అవ్వకు, సైన్సుకు వేరువేరుగా క్షమాపణలు చెప్పుకుంటున్నాను. అప్పుడే చెవి కాక నా పక్కకు వచ్చి, కళ్లు పెద్దవి చేసి, 'ఏమిరా, చెవి ఎనక నుంచి నెత్తురు కారుతాంది?' అన్నాడు. ముసుగులో వేడికి కొబ్బరినూనె కరిగి, కుంకుమ మెడ మీదికి దిగి, తెల్ల తొడుగు అంచుకు ఎర్రగా అంటుకుందన్నమాట. నోటికి వచ్చింది అనేశాను.

'దోమ కుట్టింది కాకా. గోకిన, చర్మం లేచింది.'

చెవి కాక ఒక గుడ్డముక్కతో తుడిచి, దాన్ని ఒకసారి చూసి, పిడికిట్లో దాచుకున్నాడు. కానీ మా వెనక ఇంకొక తెల్ల తొడుగు నిలబడి ఉంది. గది తుడిచే ఆమె అనుకున్నాను. ఆ తొడుగు ముందుకు వచ్చి, 'దోమా? ఈ గదిలోకి దోమ ఎందుకు వచ్చింది?' అంది. ఆ 'ఎందుకు' వినగానే ఆ రెండు కళ్లు ఎవరివో అర్థమైంది.

మామూలు ఇంట్లో దోమ అంటే దోమ. మా గదిలో దోమ అంటే ఏనుగు వచ్చినట్టే. వడగట్టిన గాలి తప్ప ఏదీ రాకూడని గది అది. పని ఆగింది. నన్ను కంపెనీ దవాఖాన గదికి పంపారు. (దారిలో బాత్రూంలో దూరి చెవి కడిగేసుకున్నాను. నర్సు భూతద్దంతో వెతికి 'కాటు కనబడలేదు' అని రాసింది.) సాయంత్రం నాచేత కాగితం రాయించారు. దోమ రంగు ఏమిటి? ఎటు నుంచి వచ్చింది? కుట్టాక ఎటు పోయింది? నేను లేని దోమకు రూపురేఖలు కల్పించాను. రంగు నలుపు, కాళ్ల మీద తెల్ల చారలు, ఉత్తరం నుంచి వచ్చి దక్షిణానికి వెళ్లింది అని రాశాను. ఆ దిక్కులు ఎందుకు రాశానో ఇప్పటికీ అర్థం కాదు. మర్నాడు ఉత్తరపు గోడ మొత్తం సందుల కోసం వెతికారు.

దోమలు, ఈగలు, బల్లులు రాకుండా చూసే కాంట్రాక్టు పని ఒకాయన చేసేవాడు. అందరం దోమలన్న అనేవాళ్లం. నీలం లైట్ల కింద జిగురు కాగితాలు పెట్టి, వాటికి అంటుకున్న పురుగులను లెక్కపెట్టి రాసుకోవడమే ఆయన బతుకు. పాలమూరు దగ్గర ఊరు. గొర్లు కాసే ఇల్లు. వాటిని అమ్మేసి ఈ పనిలో చేరాడు. మూడో రోజు క్యాంటీన్‌లో ఆయన ప్లేటు ముందు పెట్టుకుని అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. నన్ను చూడగానే పక్కన జాగా చూపించాడు.

'తమ్మీ, నీ చెవి మంచిగున్నదా?' అని ముందు అదే అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, 'గా దోమ నిజంగనే గంత పెద్దగుండెనా? శనివారం దాన్క ఎట్ల వచ్చిందో దొరకకపోతే నా కాంట్రాక్టు బంద్ జేస్తమన్నరు. పదేండ్ల సంది ఒక్క ఈగ గూడ నన్ను దాటిపోలే. గిదొక్కటి ఎట్ల పోయిందో నిద్ర పడ్తలేదు' అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆయన ఇంకా నన్నే ఓదార్చాడు. 'నువ్వు ఫికర్ చెయ్యకు, తప్పు నీది గాదు గద' అన్నాడు.

ఆ మధ్యాహ్నమే, దోమ దాక్కుందేమో చూద్దామని ఎందుకు మేడం కొత్త మిషన్ అరలన్నీ తెరిపించింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, దోమను వెతకబోయి బొట్టును పట్టింది ఆవిడే. టార్చిలైటు వేసి మోటారు అర లోపల చూసి, 'ఇక్కడ ఒక ఎర్ర చుక్క ఉంది' అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చెవి మీదికి పోయింది. అంతలో టార్చి ఇంకో మూలకు తిరిగింది. 'ఇక్కడ ఒక పసుపు చుక్క కూడా ఉంది.'

నాకు మతి పోయింది. ఎర్రది నాది. పసుపు ఎవరిది? నూనె కారి రంగు మారిందా? దేవుడే పెట్టుకున్నాడా?

సాయంత్రం మీటింగ్ పెడితే, మేనేజర్ నవ్వి తేలిగ్గా తీసేశాడు. 'మిషన్ బిగించినోళ్లు పూజ చేసి ఉంటరు మేడం. మనోళ్లు గాదు.' మిగతావాళ్లూ అవునన్నారు. అంతే, నేను బయటపడిపోయాను. ఎవరూ నన్ను అడగలేదు, ఇక అడగరు కూడా. నోరు మూసుకుంటే నెలాఖరుకు పర్మనెంటు కాగితం, బాపు మాట నిలబడుతుంది, హోటల్లో ఆయన ఇంకో చాయ్ చెబుతాడు. ఒక్క దోమలన్న ఇంటికి పోతాడు, లేని దోమను పట్టలేకపోయిన నేరానికి. మీటింగ్ గదిలో అందరూ లేస్తున్నారు. నేను లేవలేకపోయాను.

'మేడం, దోమ లేదు' అన్నాను.

అందరూ మళ్లీ కూర్చున్నారు. ఎందుకు మేడం ఐదు గళ్ల ఫారం ముందుకు జరుపుకుని, పెన్ను మూత తీసింది.

'ఎర్ర చుక్క ఎందుకు వచ్చింది?'

'నేను పెట్టిన మేడం. చెవి ఎనక దాచుకొచ్చి పెట్టిన. కారింది గదే, నెత్తురు గాదు.'

'ఎందుకు పెట్టారు?'

'మిషన్ నడుస్తలేదని.'

'మిషన్ నడవకపోతే బొట్టు ఎందుకు?'

'మా బాపు పెట్టుమన్నడు మేడం.'

'మీ బాపు ఎందుకు పెట్టమన్నారు?'

'ఆయన ట్రాక్టర్‌కు ఏటా పెడ్తడు. ఒక్కనాడన్న నడిమిట్ల ఆగలే.'

ఆవిడ నాలుగు గళ్లు నింపి ఐదోదాని దగ్గర పెన్ను ఆపింది. 'ట్రాక్టర్ ఆగకపోవడానికి బొట్టే కారణమని ఎందుకు అనుకుంటున్నారు?'

నేను నిజంగానే ఆలోచించాను. జీవితంలో మొదటిసారి బాపు ట్రాక్టర్ గురించి శాస్త్రీయంగా ఆలోచించడం అదే. 'టైముకు ఆయిల్ గూడ మారుస్తడు మేడం' అన్నాను.

గదిలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. ఆవిడ నవ్వలేదు. 'మరి పసుపు చుక్క?' అంది. నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు. అప్పుడు చివరి కుర్చీలో చెవి కాక గొంతు సవరించుకున్నాడు.

'పోరని మీదికి పోవద్దు మేడం. పసుపు నాది. మిషన్ దించిన నాడే పెట్టిన.'

నేను నోరు తెరిచి ఆయనకేసి చూశాను. 'ఇనుము అంటివి గద కాకా!' అన్నాను, మేడం ఉన్న సంగతి మరిచి.

'ఇనుమే. అయితే ఇనుముకు మర్యాద ఉండదారా?' అన్నాడు. తర్వాత మేడం వైపు తిరిగి, 'ఇంకొక ముచ్చట మేడం. మిషన్ నడిచింది నా పసుపుకు గాదు, వీని కుంకుమకు గాదు. దసరా తెల్లారి స్పీడు తగ్గించుమని మేనేజర్ సార్‌తోని సంతకం పెట్టిచ్చుకున్న. రిజిస్టరుల ఉన్నది, చూడుండ్రి' అన్నాడు.

రిజిస్టరు తెప్పించారు. ఉంది. నేను బొట్టు పెట్టడానికి గంట ముందే రాసి ఉంది. నేను ఆ పొద్దున రిజిస్టరు చదవాల్సిన వాణ్ణి. చెవి గురించి కంగారులో చదవలేదు. దేవుడూ సైన్సూ ఇద్దరూ కలిసి నన్ను అంత పచ్చిగా వెక్కిరించిన రోజు ఇంకొకటి లేదు.

శిక్షలు పడ్డాయి. మిషన్ మొత్తం విప్పి కడిగి, మూడు విడతలూ మళ్లీ మొదటి నుంచి నడపాలన్నారు. కడిగింది నేనూ చెవి కాకా. ఇద్దరికీ హెచ్చరిక కాగితాలు. నా పర్మనెంటు మూడు నెలలు వెనక్కి పోయింది. దోమలన్న కాంట్రాక్టు మాత్రం నిలిచింది. ఆయన నన్ను తిట్టలేదు. ఆ తర్వాత ఏడాది పొడుగునా నేను ఎదురైనప్పుడల్లా చెవి దగ్గర వేళ్లు ఆడించి 'జుయ్' మనేవాడు, అంతే. ఫారం చివర 'ఇది మళ్లీ జరగకుండా ఏం చేస్తారు?' అని ఒక గడి ఉంటుంది. అది నన్నే నింపమంది మేడం. 'మా బాపుకు ట్రైనింగ్ ఇస్తాను' అని రాశాను. దాన్ని చదివి ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. తిరిగేసరికి మళ్లీ మామూలే. 'మా నాయినది మేళ్లచెరువు సిమెంటు లారీ. బొట్టు పెట్టకుంట తాళం తిప్పకపోతుండె. ఆయనకే ఇయ్యలేకపోయిన ట్రైనింగు' అంది. నల్లగొండ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి, అదే చివరిసారి.

మరుసటి దసరాకు క్యాంటీన్ గోడకు ప్రతి మిషన్ ఫోటో ఒకటి, అద్దం కట్టించి, వరుసగా తగిలించారు. పూజ ఫోటోలకు చేసుకోండి, లోపలికి ఏదీ రాకూడదు అని మేడం సంతకంతో కాగితం అంటించారు. ఇంటివాళ్లను కూడా రానిచ్చారు. బాపు తెల్ల పంచె కట్టుకుని వచ్చి, నా మిషన్ ఫోటోకు బొట్టు పెట్టి, వెనక్కి నిలబడి చూసి, 'గింతే ఉంటదా?' అన్నాడు. అవ్వ ఫోటోకు చెవి ఆనించింది. 'సప్పుడు లేదు, మంచిగ నడుస్తాంది' అంది. చెవి కాక పక్కనే ఉండి తల ఊపాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. బాపు ట్రాక్టర్ అమ్మేశాడు గానీ దసరా పొద్దున ఫోన్ చేసి 'పెట్టినవారా?' అని అడగడం మానలేదు. చెవి కాక రిటైరయ్యాడు. అవ్వ లేదు. ఇప్పుడు కొత్తవాళ్లకు బట్టలు మార్చుకునే గదిలో పాఠం చెప్పేది నేనే. గోడ మీద నియమాల పట్టిక ఉంటుంది. గోళ్లు చూడాలి, ముంజేతులు చూడాలి, ఆ వరుసలో చివరన 'చెవుల వెనక చూడాలి' అని ఒక లైను. ఎందుకు మేడం వెళ్లిపోతూ చేర్పించిన లైను అది. ఎందుకు చేర్చారో ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎక్కడో విదేశాల్లో పెట్టిన రూలు అనుకుంటారు.

మొన్న దసరా తెల్లారి, కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆ లైను చదివి, 'చెవుల ఎనక ఎందుకు సార్?' అని అడిగింది. చెప్పబోయి ఊరుకున్నాను. 'రూలు అందరికీ ఒకటే. ముందు నావి చూడు' అని తల వంచాను. అద్దంలో ఎంత తిప్పుకున్నా ఎవరి చెవి వెనక వాళ్లకు కనబడదు మరి. ఆ పిల్ల టార్చి వేసి, అటూ ఇటూ శ్రద్ధగా చూసి, 'ఏం లేదు సార్' అంది.

సరిగ్గా ఉన్నట్టే కదా, సంతోషించాలి. కానీ ఏం లేదనేసరికి, అప్పటి ఆ ఇరవై రెండేళ్ల పిచ్చోడి చెవి వెనక ఒక బొటనవేలు గట్టిగా అద్దిన తడి గుర్తొచ్చింది. మాస్కు ఉంది కాబట్టి నవ్వానో ఏమైందో ఆ పిల్లకు కనబడలేదు. 'సరే, పా లోపలికి' అన్నాను.